ఖాళీ గదిలో అంకె

బ్రాడీపేట నాలుగో లైన్లో, మేడ మీది గదిలో
లేని యంత్రం ఒకదాన్ని నడుపుతున్నాను.
ఎనిమిది బిట్ల బుర్ర, నలభై ఎనిమిది కిలోబైట్ల జ్ఞాపకం,
రబ్బరు మీటలు, అన్నీ నా ల్యాప్‌టాప్‌లో
అరచేయంత కిటికీలో సర్దుకున్నాయి.
గడియారం టిక్కుటిక్కుకీ లెక్క చూశాను.
తెర మీద గీత ఎక్కడ మొదలవ్వాలో,
అంచు రంగు ఎప్పుడు మారాలో
వెంట్రుకవాసి తేడా లేదు.

అయినా పనుల చిట్టా తరగదు.
క్యాసెట్ హెడ్డు ఒరిగినప్పటి బొంగురు గొంతు రావాలి,
సన్న స్క్రూడ్రైవర్‌తో దాన్ని పావు చుట్టు తిప్పే వీలుండాలి.
మే నెల మధ్యాహ్నం వోల్టేజి కుంగితే
బొమ్మ నడుం వంచాలి.
మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్లితే
గదిలో అందరూ ఒకేసారి తుమ్మాలి
(ఇది ఎలా రాయాలో ఇంకా తెలియదు).

టీవీలు బాగుచేసే ఖాజావలి నవ్వుతాడు:
"నలభై ఏళ్లు నేను కుదిర్చిన రోగాలన్నీ
మళ్లీ తెచ్చిపెడుతున్నారే సార్!"

పోయిన ఆదివారం, ప్రార్థన అయ్యాక
సువార్త టీచర్ నేరుగా మెట్లెక్కి వచ్చారు.
చేతిసంచిలో బైబిలు, కళ్లద్దాల పెట్టె, ఒక క్యాసెట్.
దాని మీద ఆకుపచ్చ సిరా: "ఏడు-బి. పేర్లు."
ఎనభై ఏడులో బడికి ఒకటే యంత్రం,
క్లాసులో ముప్పై నలుగురు.
ఆవిడే రాశారట, పద్దెనిమిది వరసల ప్రోగ్రాం.
శుక్రవారం మీట నొక్కితే ఒక పేరు వస్తుంది,
ఆ పీరియడంతా కుర్చీ ఆ పేరుదే.
"నేను ఎంచితే పక్షపాతం అంటారు.
యంత్రాన్ని ఏమంటారు?"

టేపు కీచుమంది, గుర్రుమంది.
నాలుగు నిమిషాలు ఎవరం మాట్లాడలేదు.
వేగం పెంచే మీట ఉంది, నొక్కబుద్ధి కాలేదు.
తెర మీద పేరు:
జక్రయ్య.
మళ్లీ నొక్కాం. జక్రయ్య.
ఆర్పి, మొదటినుంచీ వెలిగించాం.
జక్రయ్య.

తప్పు నాదే.
ఆ వరసల్లో పదకొండోది
ఎవరూ ఏమీ రాయని గదిలోకి తొంగిచూసి
అక్కడున్న అంకెను విత్తనంగా తెచ్చుకుంటుంది.
అసలు యంత్రంలో ఖాళీ అంటే ఖాళీ కాదు.
కరెంటు తగలగానే ఒక్కో గడీ
ఒకటిగానో సున్నాగానో తోచినట్టు లేచేది,
ఉక్కను బట్టి, తేమను బట్టి,
రాత్రి ఎంతసేపు నిద్రపోయిందో దాన్ని బట్టి.
నేనేమో శుభ్రత తెలిసినవాణ్ణి.
గదులన్నీ కడిగి
పెళ్లివారింటికి వేసినట్టు సున్నాలు వేసిపెట్టాను.

ఇక చేయాల్సింది తెలిసింది.
ఖాజావలి అటక మీది ఏడు బోర్డులూ దించి,
వెయ్యేసిసార్లు ఆర్పి వెలిగించి,
ఖాళీ ఎన్ని రకాలో రాసుకోవాలి.
రేపు నా ల్యాప్‌టాపూ పాతబడి
ఎవరో దాన్ని వేరే యంత్రంలో నడిపితే
లోగదిలో, దాని లోగదిలో
ఈ గజిబిజి ఇలాగే నిద్రలేవాలి...

చెబుతున్నాను గానీ టీచర్ వినడం లేదు.

"ఏడాదంతా వాడి పేరు రాలేదు" అన్నారు.
"చివరి బెంచీ.
మీటలు ముట్టుకోవాలంటే చేతులు కడుక్కోవాలని నేనే చెప్పాను.
ప్రతి శుక్రవారం కడుక్కుని వచ్చేవాడు.
వాళ్లింట్లో అందరూ మిరపకాయ తొడిమలు తీసేవాళ్లే,
ఎంత రుద్దినా వేలి కొసన ఎరుపు పోయేది కాదు.
మార్చిలో బడి మానేశాడు."
కాసేపాగి,
"యంత్రాన్ని ఏమంటాం?"

సోమవారం బోర్డులు వచ్చాయి. కొలతలు మొదలుపెట్టాం.
నాలుగోది ఎంతకీ లేవడం లేదు,
ఖాజావలి దాన్ని తిడుతూ ఊదుతున్నాడు.
వచ్చే కూర్పులో ముప్పై నాలుగు పేర్లూ వస్తాయి,
ఏది ఎప్పుడో నాకూ తెలియదు.

టీచర్ ఫోన్లో మాత్రం పాతదే ఉంది.
కొత్తది వేస్తానంటే వద్దన్నారు.
శుక్రవారం పొద్దున్నే మీట నొక్కి,
పేరు వచ్చాక
పక్క కుర్చీ కాస్త వెనక్కి లాగుతారట.